బెల్లం గడి

కొలతలకి ఇంకా 61 రోజులు

ఎదుగుదల కేంద్రంలో పనిచేసేవాళ్ళు రోజూ చిట్టా రాయాలని రూలు. ప్రతి పేజీ చివర ‘పరిశీలనలు’ అని ఒక గడి ఉంటుంది. నాకు ముందు ఇక్కడ పనిచేసినావిడ ఏడేళ్ళపాటు రోజూ అందులో ‘ఏమీ లేవు’ అని రాసింది. గుండ్రటి చేతిరాత. ఏడేళ్ళు కళ్ళు తెరిచి కూర్చుని ఏమీ చూడకుండా ఉండాలంటే ఎంత నిగ్రహం కావాలి! నాకంత లేదు. జీవశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని, అవతలి గట్టున ల్యాబులో ఉద్యోగం వస్తుందని రెండేళ్ళు గోళ్ళు కొరుక్కుని, చివరికి పుట్టిన లంకకే తిరిగొచ్చి పిల్లల్ని గోడకి నిలబెట్టి కొలిచే పనిలో చేరాను. ఈ పుస్తకం ఎవరూ చదవరని ఆరో రోజునే అర్థమైంది. అప్పట్నుంచి ప్రాణం హాయిగా ఉంది.

ఇవాళ్టి పనులు: తూకం మిషను మీది ఉప్పు గీకడం, సూదుల పెట్టెలో మంచు మార్చడం, గోడ మీది గీతకి మళ్ళీ ఎర్ర రంగు వేయడం.

ఆ గీత నూట నలభై సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మా లంక మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. గోదారి పాయల్ని సముద్రం మింగేశాక ఒక లంక నుంచి ఇంకో లంకకి తాడు మీద వేలాడే ఇనప పెట్టెలే దారి. పెట్టెకి నడిపేవాడు ఉండడు, అదే వెళుతుంది. లోపల పైన ఒక బ్రేకు పిడి ఉంటుంది. ఆ పిడి అందనివాళ్ళు ఒంటరిగా ఎక్కకూడదు. నూట నలభై ఉంటే చెయ్యెత్తితే అందుతుంది.

నా ఎత్తు నూట ముప్పై తొమ్మిది. నా చిన్నప్పుడు మా లంకకి ఎదుగుదల సూదులు సరిగ్గా వచ్చేవి కావు. అందుకని కాలేజీ మూడేళ్ళూ పీతల వ్యాపారి గంగరాజు గారి తోడుతో, ఆయన బుట్ట పక్కన నించుని వెళ్ళాను. ఆయన రాకపోతే నాకు క్లాసు లేదు. జంతుశాస్త్రంలో నాకు మంచి మార్కులొచ్చాయి. అందులో సగం ఆ బుట్టవే.

కొలతలకి ఇంకా 58 రోజులు

మా మేనకోడలు మాణిక్యం ఎత్తు నూట ముప్పై ఏడున్నర. పదకొండేళ్ళు. ఈ కొలతల్లో గీత అందుకుంటే అవతలి గట్టు బడిలో సీటు. అందకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. మా లంక బడి ఐదో తరగతితో ఆగిపోతుంది, ఆ తర్వాత ఉప్పు మడుల్లో పని.

మా లంకలో పిల్లలు రెండు కిలోలకి అటూ ఇటూగా పుడతారు. ఎండలో, ఉప్పునీళ్ళు తాగుతూ తొమ్మిది నెలలు మోస్తే అంతకన్నా ఎక్కడొస్తారు. నాలుగేళ్ళకి కూడా వయసుకి తగ్గ ఎత్తు అందుకోని పిల్లలకి రోజూ సాయంత్రం ఎదుగుదల సూది. మందు పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు. బుగ్గల్లో కొవ్వు కరిగిపోయి, కాళ్ళకి కండ పట్టి, మా పిల్లలు చిన్న సైజు పహిల్వాన్లలా తిరుగుతుంటారు.

సూది వేశాక తాటిబెల్లం ముక్క పెట్టాలి. అది రూలు కాదు, అంతకన్నా గట్టిది, ఆచారం. చెరుకు చచ్చిపోయినా తాటిచెట్లు బతికున్నాయి కాబట్టి బెల్లానికి కొదవలేదు. ‘సూది బెల్లం’ పెట్టని అమ్మని ఇక్కడ రాక్షసిని చూసినట్టు చూస్తారు.

కొలతలకి ఇంకా 56 రోజులు

ఇవాళ్టి నుంచి ‘గీత డోసు’. అంటే గీతకి దగ్గరగా ఉన్న పిల్లలకి సూది రెట్టింపు.

“ఇది ఎక్కడ రాసుందండీ?” అని మా పర్యవేక్షకుడు సూరిబాబు గారిని అడిగాను.

“రాసుండక్కర్లేదమ్మాయ్. కొలతల ముందు రెండు నెలలూ అలాగే వేత్తాం. పరీక్షల ముందు నువ్వు రెండింతలు చదవలేదా?”

“చదివానండి. తర్వాత వారం రోజులు జ్వరంతో పడుకున్నాను.”

“పాసయ్యావా లేదా?”

సూరిబాబు గారు మా లంకలో సూది వేయించుకున్న మొట్టమొదటి బ్యాచి. నూట అరవై ఏడు సెంటీమీటర్లు. గుమ్మం తగలకపోయినా తల వంచే లోపలికొస్తారు, ఎవరైనా గమనిస్తారని. ఆయన కుర్చీ వెనకాల గోడకి ‘ఆరోగ్య లంక’ అని చెక్కిన షీల్డు ఉంది. ఆరేళ్ళుగా వరుసగా మాకే. రోజూ పొద్దున్న దాన్ని కండువాతో తుడిచాకే కూర్చుంటారు.

కొలతలకి ఇంకా 49 రోజులు

ఇంటి సంగతి చిట్టాలో రాయకూడదు. కానీ రాస్తున్నాను.

పొద్దున్న వదిన నూతి దగ్గర మాణిక్యాన్ని కూర్చోబెట్టి మెడ మీద సున్నిపిండితో తోముతోంది. గిన్నె మాడితే తోమినట్టు.

“చూడు హంసా, ఈ మట్టి! ఎక్కడెక్కడ దొర్లుతాదో ఏంటో. మూడ్రోజుల్నుంచి రుద్దుతున్నా పోదే!”

“అమ్మా, తోలు ఊడిపోతాంది!” మాణిక్యం అరిచింది.

“ఊడనీ. కింద తెల్లది వత్తాది.”

దగ్గరికెళ్ళి చూశాను. మెడ వెనకాల నల్లటి పట్టీలా ఉంది. మట్టి అయితే తడికి కరగాలి. ఇది మెత్తగా, మందంగా, మఖమల్ గుడ్డలా ఉంది. పిల్ల ఈలోపు నూతి గట్టు మీది చెంబెత్తి గడగడా నీళ్ళు తాగేసింది. మళ్ళీ ముంచుకుని ఇంకో చెంబు తాగింది.

“అంత దాహమేంటే?”

“పొడుగవుతున్నాను కదత్తా. లోపల ఖాళీ ఎక్కువైంది.”

కొలతలకి ఇంకా 45 రోజులు

రక్తపరీక్ష రోజు. పరగడుపున రావాలి, వేలి మీద పొడిచి చుక్క తీసి మిషనులో పెట్టాలి. అంకె వంద లోపు ఉండాలి. నూట ఇరవై ఆరు చేరిందంటే అది షుగరు.

నలభై మూడు మందిలో పంతొమ్మిది మందికి వంద దాటింది. నేను భయపడ్డాను. సూరిబాబు గారు తాపీగా ఆ అంకెల పక్క గడిలో ‘బె’ అని రాసి ఒక్కొక్కటీ కొట్టేయడం మొదలుపెట్టారు.

“ఏంటండీ అది?”

“బెల్లం.”

కథ ఏమిటంటే, వేలి మీద పొడిచేది కూడా సూదే. సూది అన్నాక బెల్లం ఉండాలి. పిల్ల ఏడుస్తుందని అమ్మమ్మలు దారిలోనే నోట్లో ముక్క పెట్టేసి తీసుకొస్తారు. ఆరేళ్ళ కిందట సూరిబాబు గారు పరగడుపున రావాలని గట్టిగా చెప్పి చూశారు. నలుగురు అమ్మమ్మలు కేంద్రం ముందు బైఠాయించి ఆయన ఏడు తరాలనీ పేరుపేరునా తలుచుకున్నారు. ఇక ఎవరితోనూ తగువు లేకుండా ఆయన చిట్టాలో కొత్త గడి గీశారు. బెల్లం తిన్నవాళ్ళ అంకె చెల్లదు. చెల్లనివి పైకి పంపక్కర్లేదు.

“తిన్నారని మీకెలా తెలుసు?”

“అందరూ తింటారమ్మాయ్. అడగడమెందుకు, పాపం!”

మాణిక్యం అంకె నూట పదిహేడు. పక్కన ‘బె’.

నాకు ఆయన మాట అంత తప్పనిపించలేదు. పిల్లల వేళ్ళు నా చేతికి అతుక్కుంటున్నాయి.

కొలతలకి ఇంకా 31 రోజులు

మళ్ళీ పరీక్ష. ఈసారి గుమ్మంలో సబ్బు పెట్టి అందరి చేతులూ నేనే కడిగాను. ఒక అమ్మమ్మ తన చేతులు కూడా చాపి, “నావీ కడుగమ్మా, పుణ్యముంటాది” అంది. కడిగాను.

ఇరవై రెండు మందికి వంద దాటింది. మాణిక్యం నూట ఇరవై నాలుగు.

“వేళ్ళు కడిగావు గానీ పొట్ట కడిగావేంటి?” అన్నారు సూరిబాబు గారు. ‘బె’, ‘బె’, ‘బె’ అని రాసుకుంటూ వెళ్ళిపోయారు. గొర్రెల మంద వెనకాల నడుస్తున్నట్టుంది.



కొలతలకి ఇంకా 28 రోజులు

చీమలు.

మా వంటింటి గోడ మీద ఎర్ర చీమల బారు. బియ్యం డబ్బా వైపు వెళ్ళట్లేదు, పంచదార వైపూ వెళ్ళట్లేదు, బుద్ధిగా మాణిక్యం బట్టల పెట్టెలోకి వెళుతున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. తెరిచాను. లంగాల కింద పాత రేకు పళ్ళెం, అందులో జానెడు పలక. నల్లగా, గట్టిగా, మూడు సెంటీమీటర్ల మందాన. వాసన చూశాను. బెల్లం.

మాణిక్యం వెనకాల నించుంది. దొరికిపోయిన మొహం కాదు, అడిగితే చెప్పేద్దామని ఎదురుచూస్తున్న మొహం.

“ఏంటే ఇది?”

“పీట.”

“బెల్లమా?”

“బెల్లం పీటత్తా. పెట్టెలోకి పీటలు, డబ్బాలు తీసుకెళ్ళకూడదని బోర్డుంది కదా. తినేవి తీసుకెళ్ళకూడదని లేదు. దీనెక్కి నించుంటే పిడి అందుద్ది. ఎవరన్నా అడిగితే నాకి చూపిత్తాను.”

నేను నేల మీద కూర్చుండిపోయాను. డిగ్రీ నాది, బుర్ర దానిది.

“ఇంత బెల్లం ఎక్కడిదే?”

“రోజూ పెడతారుగా. బుగ్గలో పెట్టుకుని గుమ్మం దాటాక తీసేత్తాను. నాకు బెల్లం కంపు.”

“బుగ్గలోదా!”

“కడిగానులే.”

“ఎప్పట్నుంచి దాస్తున్నావు?”

“దసరా ముందు నుంచి.”

నాలుగు నెలలు. నాలుగు నెలలుగా ఒక్క ముక్క కూడా మింగలేదు. పరీక్షల రోజు తెచ్చిన ముక్కలూ ఈ పలకలోనే ఉన్నాయి. అయితే ఆ నూట పదిహేడులో బెల్లం లేదు. ఆ నూట ఇరవై నాలుగులోనూ లేదు. అవి పిల్ల సొంతవి.

కొలతలకి ఇంకా 27 రోజులు

పొద్దున్నే, పిల్ల లేచీ లేవగానే, చేతులు కడిగి నేనే పరీక్ష చేశాను. నూట ఇరవై ఎనిమిది.

ఫోను సిగ్నలు తుఫాను షెల్టరు మేడ మీదే వస్తుంది. అక్కడ నించుని పై ఆఫీసు డాక్టరు అనసూయ గారికి ఫోను చేశాను. మూడోసారికి దొరికారు. లంక పేరు చెప్పగానే ఆవిడ గొంతు మారిపోయింది.

“మీ లంకా? మీ గురించి మా దగ్గర పెద్ద చర్చండీ! ఆరేళ్ళలో వంద దాటిన అంకె ఒక్కటి రాలేదు మీ దగ్గర్నుంచి. మిగతా లంకలన్నిటిలోనూ వస్తాయి. మీ నీళ్ళలో ఏముందా అని మావాళ్ళు సీసాతో పట్టుకెళ్ళి పరీక్ష కూడా చేశారు.”

“ఏముందండీ?”

“ఉప్పు.”

బెల్లం గడి సంగతి చెప్పాను.  

“హంసవేణి గారూ, అసలు ఆ పరీక్ష పెట్టిందే ఆ అంకెల కోసమండీ.”

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. ఆ మందు కొవ్వుని కరిగిస్తుంది. కరిగిన కొవ్వు రక్తంలో తిరుగుతుంటే ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం తగ్గిస్తుంది. దాంతో చక్కెర పెరుగుతుంది. మామూలు డోసులో ఎక్కువమంది పిల్లలు తట్టుకుంటారు. చిన్నగా పుట్టినవాళ్ళకి ఆ బలహీనత ముందునుంచే కొంత ఉంటుంది. అందులోనూ ఇంట్లో పెద్దవాళ్ళకి షుగరుంటే మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. మా నాయనమ్మకి ఉండేది. మెడ మీది నలుపు మట్టి కాదు, అది కూడా దీని గుర్తే.

“మామూలు డోసుకి ఇంత పెరగడం అరుదు. ఎంత ఇస్తున్నారు?”

“ఇప్పుడు రెట్టింపండి. గీత డోసు.”

“ఏ డోసు?”

“కొలతల ముందు...”

“ఎవరు చెప్పారమ్మా మీకు!” ఆవిడ మొదటిసారి అరిచింది. తర్వాత మెల్లగా అంది, “ఇవాళ్టినుంచే ఆపేయండి. ఆపితే చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. వచ్చే వారం నేనే వస్తాను. వంద దాటినవాళ్ళందర్నీ చూడాలి.”

కొలతలకి ఇంకా 26 రోజులు

“బెల్లమమ్మాయ్, బెల్లం,” అన్నారు సూరిబాబు గారు.

“ఆ పిల్ల బెల్లం తినదండి. పలక చేసి దాచింది. కావాలంటే చూపిస్తాను.”

“ఒక్క పిల్ల సంగతి!”

“అయితే రేపు పొద్దున్న మీరు పరగడుపున రండి.”

“నేనా? నాకెందుకు?”

“బెల్లం తినకపోతే అంకె ఎలా ఉంటుందో చూపిస్తారని. మీకన్నా నమ్మకస్తులు లంకలో ఎవరున్నారు?”

పొగడ్తకి పడిపోయారు. పాపం ఎప్పుడూ పడిపోతారు.

కొలతలకి ఇంకా 25 రోజులు

నాకన్నా ముందే వచ్చి కూర్చున్నారు. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకోకుండా, ఆపరేషనుకి వెళ్ళే సర్జనులా గాల్లోకి ఎత్తి పట్టుకున్నారు. పొడిచాను.

నూట డెబ్బై ఒకటి.

“మిషను పాడైనట్టుందమ్మాయ్.”

నా వేలు పొడుచుకున్నాను. ఎనభై ఎనిమిది. ఆయన ఆ అంకె వైపు చాలాసేపు చూశారు. నేనేదో పరాయి లంక దాన్నన్నట్టు నన్నూ చూశారు.

ఆయన సూది మానేసి ముప్పై ఏళ్ళు దాటింది. ఆయన షుగరు ఆ మందు వల్లనే వచ్చిందని నేను అనలేను. చిన్నగా పుట్టారు, యాభైకి దగ్గర పడ్డారు, కాఫీలో కూడా బెల్లమే వేసుకుంటారు. కానీ ఆయన గీసిన గడి పిల్లల అంకెల్నే కాదు, ఆయన్ని కూడా దాచేసింది. ప్రతి ఏడూ తన పరీక్ష తనే చేసుకుని, పక్కన తనే ‘బె’ రాసుకున్నారట.

“రెండేళ్ళుగా పాదాలు తిమ్మిర్లెక్కుతున్నాయి,” అన్నారు. “కొత్త చెప్పులేమో అనుకున్నాను.”

తర్వాత బీరువా తెరిచి ఆరేళ్ళ పుస్తకాలు దించారు. కొట్టేసిన ప్రతి అంకెనీ పక్కన మళ్ళీ రాస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. సాయంత్రం వెళ్ళబోతూ షీల్డు తీసి బల్ల కింద పెట్టారు. గోడ మీద అది ఉన్నంత మేర తెల్లగా మిగిలింది.

పోతూపోతూ నా వైపు తిరిగారు. “అమ్మాయ్. నేను తల వంచుకుని లోపలికొత్తానని రాశావు కదా.”



“మీరు చదువుతారా!”

“పర్యవేక్షకుణ్ణి కదమ్మా. ఆ ముందున్నావిడ ఏడేళ్ళు ‘ఏమీ లేవు’ అని రాత్తే నాకు పొద్దు పోయేది కాదు.”

కొలతలకి ఇంకా 24 రోజులు

గీత డోసు అందరికీ ఆగిపోయింది. వంద దాటినవాళ్ళకి డాక్టరు చూసేదాకా మామూలు సూది కూడా లేదు. ఇరవై రెండు ఇళ్ళకి నేనే వెళ్ళి చెప్పాను. నన్ను తిట్టిన తిట్లలో మూడు నాకు కొత్తవి. చివరికి మా ఇల్లు.

“ఇప్పుడా?” వదిన గొంతు చీరుకుపోయింది. “ఇంకా ఇరవై రోజులుంటే ఇప్పుడా ఆపేది? నూట ముప్పై ఎనిమిదిన్నర ఉంది హంసా! ఇంకొక్క సెంటీమీటరున్నర!”

“డాక్టరమ్మ ఆపమంది వదినా.”

“డాక్టరమ్మ గట్టునుంటాది. దాని పిల్లలు గట్టునుంటారు. నా పిల్ల ఉప్పు మడుల్లో వంగిపోద్ది! నీలాగా పీతల బుట్ట పక్కన నించుని ఎల్లాలా నా కూతురు? ఎల్లి ఏం సాధించావు నువ్వు? తిరిగొచ్చి గోడకి రంగేత్తున్నావు!”

 తప్పు మాటేం కాదు, అందుకే ఎక్కువ తగిలింది. అన్నయ్య తల దించుకుని గోరు గిల్లుకుంటున్నాడు. వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

నేను మాణిక్యాన్ని దగ్గరికి లాక్కుని జడ పైకెత్తాను.

“ఇది మట్టి కాదు వదినా. ఎంత రుద్దినా పోదు. లోపల చక్కెర పెరిగిందని ఒళ్ళు రాసి చూపిస్తోంది. నాయనమ్మకి చివర్లో కాలు తీసేశారు. నీకు గుర్తుంది కదా? కట్లు మార్చింది నువ్వే.”

వదిన పిల్ల మెడ మీద వేళ్ళు పెట్టింది. రుద్దలేదు. ఊరికే పెట్టింది. ఎర్రగా కమిలిన చోట ఊదింది.

“ఎన్నాళ్ళు తోమానే నిన్ను,” అంది చివరికి. “చెప్పవేంటే నొప్పంటే?”

“రోజూ అరిచానుగా!” అంది మాణిక్యం.

కొలతలకి ఇంకా 15 రోజులు

డాక్టరు అనసూయ గారు వచ్చి వెళ్ళారు. మాణిక్యానికి ఇప్పుడప్పుడే సూది వద్దన్నారు, రెండు నెలలాగి మళ్ళీ చూద్దామన్నారు. మిగతావాళ్ళలో ఎక్కువమందికి మామూలు డోసు చాలు, నెలనెలా నిజం అంకె కావాలి. అమ్మమ్మలతో ఒప్పందం కుదిరింది: వేలు పొడిచాకే బెల్లం. ఆ చర్చకి రెండు గంటలు పట్టింది.

సూరిబాబు గారికి మాత్రలిచ్చారు. కాఫీలో బెల్లం మానేయమన్నారు. ఆయన మొహం చూస్తే కాలు తీసేస్తామన్నా అంత బాధపడరనిపించింది.

ఎత్తు అలాగే ఉంది. పిడి అలాగే ఉంది.

కొలతలకి ఇంకా 11 రోజులు

అన్నయ్యది తాడుపెట్టెల మరమ్మతు పని. ఇవాళ అన్నం పట్టుకెళితే పెట్టె లోపల పడుకుని గ్రీజు రాస్తున్నాడు. నాకు మాణిక్యం పీట బుర్రలోంచి పోవట్లేదు. పిల్ల కింద ఏదైనా పెట్టొచ్చు అనుకున్నది అది ఒక్కతే. మిగతా లంకంతా పిల్లనే సాగదీద్దామని చూసింది.

“అన్నయ్యా, ఈ పిడి దేని మీదుంది?”

“నాలుగు బోల్టులు. ఏం?”

“ఇంకాస్త కిందకి దించితే?”

“బెజ్జాలు కొట్టాలి, పైనుంచి పర్మిషనివ్వరు.” చెయ్యి చాపి గోడ మీది మసి తుడిచాడు. “కింద కూడా నాలుగున్నాయనుకో.”

“ఏం నాలుగున్నాయి?”

“బెజ్జాలు. ఇదిగో, జానెడు కింద. అన్ని పెట్టెల్లోనూ ఉంటాయి.”

నేను చేతిలో క్యారియరు కింద పెట్టేశాను. “పద్దెనిమిదేళ్ళ నుంచి ఈ పెట్టెల్లో పనిచేస్తున్నావు. ఆ బెజ్జాలెందుకున్నాయో ఎప్పుడూ అనుకోలేదా?”

“గాలాడ్డానికనుకున్నాను,” అన్నాడు అన్నయ్య.

బయట తలుపు మీది బోర్డుకి తుప్పు పట్టి ఉంది. కొబ్బరిపీచుతో ఇద్దరం గీకాం. ‘పీటలు, డబ్బాలు లోనికి తేరాదు. బ్రేకు పిడి అందుకొనగలవారే ఒంటరిగా ప్రయాణించవలెను.’ అంతే. నూట నలభై అని ఎక్కడా లేదు. పెట్టెలు బిగించిన రోజు ఎవరో పొడుగాటివాళ్ళు తమకి వీలుగా పై బెజ్జాల్లో బోల్టులు పెట్టారు. ఇంకెవరో అది చూసి గోడ మీద గీత గీశారు. ఆ గీతకి మేము పిల్లల్ని పెంచుతున్నాం.

కొలతల రోజు

మాణిక్యం: నూట ముప్పై ఎనిమిది పాయింట్ ఆరు. సూరిబాబు గారు రెండుసార్లు కొలిచి, “గీతకి కిందే,” అని పైకి చదివారు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకా తొమ్మిది మంది పిల్లలు గీతకి కిందే ఆగారు. వాళ్ళ అమ్మలు నన్ను చూసిన చూపులకి నేను ఇంకో రెండు సెంటీమీటర్లు తగ్గి ఉంటాను.

సూరిబాబు గారు పుస్తకం మూసి లేచారు.

“రూలు ప్రకారం గీత కాదు చూడాల్సింది. పిడి. పదండి రేవుకి.”

ముందు రోజు ఆయనకి బోర్డు చూపించినప్పుడు మూడుసార్లు చదివి, అన్నయ్యకి మరమ్మతు ఆర్డరు రాసిచ్చారు. ‘బోల్టులు సరైన బెజ్జములలోనికి మార్చవలెను.’

జనమంతా రేవులో. మాణిక్యం పెట్టెలోకి వెళ్ళింది. చంకలో బెల్లం పలక.

“అదెందుకే!” వదిన కేకేసింది.

“ఎందుకైనా మంచిది!”

చెయ్యెత్తింది. మడమలు నేల మీదే ఉన్నాయి. పిడి పట్టుకుని కిందకి లాగింది. బ్రేకు కీచుమంది. వదిన కూడా అదే గొంతుతో కీచుమంది.

మిగతా తొమ్మిది మందీ లాగారు. తర్వాత సూరిబాబు గారు వెనక్కి తిరిగి, “అమ్మాయ్, నువ్వు?” అన్నారు.

“నాకెందుకండీ ఇప్పుడు.”

“రూలు ప్రకారం.”

వెళ్ళాను. చెయ్యెత్తాను. పిడి చల్లగా, గ్రీజుతో జిడ్డుగా ఉంది. గుంపులోంచి పీతల గంగరాజు గారు, “అయితే రేపట్నుంచి నాకు తోడెవరమ్మా?” అన్నారు. అందరూ నవ్వారు. నేను మొహం అటు తిప్పుకుని కాసేపు లోపలే ఉండిపోయాను, బోల్టులు పరీక్షిస్తున్నట్టు.

కొలతలు అయిపోయి 41 రోజులు

ఈ ఏడాది షీల్డు మాకు రాలేదు. గోడ మీది తెల్లటి చోట సూరిబాబు గారు క్యాలెండరు తగిలించారు. అందులో ఆయన నడిచిన రోజులకి టిక్కులు. బెల్లం గడి ఇంకా ఉంది. ఇప్పుడు అడిగి రాస్తాం.

మాణిక్యం. ఎత్తు: 138.9. పరగడుపు: 95. బెల్లం: తినలేదు (పలకని చీమలు తిన్నాయి). మెడ: నలుపు పలచబడుతోంది. సూది: వచ్చే నెల డాక్టరు చూశాక, మామూలు డోసులో.

పరిశీలనలు: పొద్దున్న ఎనిమిదిన్నరకి బడికి వెళ్ళే పెట్టె ఏటి మధ్యలో నాలుగు నిమిషాలు ఆగిపోయింది. రేవులో వదిన గుండెలు బాదుకుంది, అన్నయ్య రెంచి పట్టుకుని నీళ్ళలోకి దిగబోయాడు. పెట్టె కిటికీలోంచి ఒక చెయ్యి తాపీగా ఊగింది. తర్వాత పెట్టె మళ్ళీ కదిలింది. సాయంత్రం విచారించాను. పెట్టెలో లోపమేమీ లేదు.

ఆగడానికి కారణం: పిడి అందింది.